ముక్కుపుడక మీద ముగ్గు

ఇప్పుడు వీధికో బీమ్ షాపు. మొదట్లో అక్కడ మిక్సీలకీ ఫ్యాన్లకీ చిప్పులు గీసిచ్చేవాళ్లు. తర్వాత అదే ఎలక్ట్రాన్ బీమ్‌తో నగల మీద కంటికి ఆనని బొమ్మలు గీయడం మొదలెట్టారు. ఎదురింటి వర్ధని తన ముక్కుపుడక మీద ఏకంగా మెలికల ముగ్గే వేయించుకుంది. అప్పటినుంచి కస్తూరికి ఒళ్లు మంట.

పేరంటంలో ఆడవాళ్లంతా ఫోను భూతద్దాలు వర్ధని ముక్కుకి ఆనించి, "అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో!" అంటున్నారు.

"మీరూ చూడండి వదినా," అంది వర్ధని.

"మిషను గీసినదానికి నీ గొప్పేంటమ్మా?" అంటూనే కస్తూరి తన ఫోనూ ఆనించి చూసింది. ముగ్గు కుడిమూలన ఒక మెలిక ఉన్నట్టుండి లోపలికి తిరిగింది. తన వాకిట్లో మ్యాన్‌హోల్ మూతని తప్పించడానికి కస్తూరి రోజూ తిప్పే మెలిక అది.

"మీ ముగ్గే వదినా! మేడ మీంచి ఫొటో తీసిచ్చా. నాకు చుక్క పెట్టడం కూడా రాదుగా."

రోజూ ఆ ముగ్గుని తొక్కుకుంటూ పోయేది ఈ ఆడవాళ్లే.

మర్నాడు కస్తూరి ఎప్పటికన్నా పెద్ద ముగ్గు వేసింది. ఎదురింటి మేడ తలుపు గడియ చప్పుడవగానే చీపురు తెచ్చి మొత్తం ఊడ్చేసింది.