అటక మీది గుండిగ

“ఆ గుండిగ మాత్రం అమ్మడానికి వీల్లేదు!”

భీమశంకరం గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆ మాట అనేసరికి మంగతాయారు చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచి “మీ పుట్టింటి గుండిగ సగం అటక మింగేసింది” అని సణిగిన మహానుభావుడు ఈయనే మరి.

“నా పుట్టింటి మీద మీకింత ప్రేమ ఎప్పుడు పుట్టిందండీ?”

“అలా అంటావేం తాయారూ! కూచిపూడి నుంచి మీ నాన్నగారు బండి కట్టించి మరీ పంపిన ఇత్తడి. సెంటిమెంటు ఉండొద్దూ?”

“సెంటిమెంటుతో పప్పు ఉడకదు. దానికి బదులు కుక్కరిస్తానంటున్నాడు పున్నారావు.”

పాత ఇత్తడి పుచ్చుకుని కొత్త సామాను ఇచ్చే పున్నారావు, రిక్షా వీధిలో ఆపి, కాటా ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. మొగుడూ పెళ్లాల తగువు తేలేదాకా మధ్యలో దూరకూడదని అతనికి గుడివాడ వీధులన్నీ తిరిగి తెలుసు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈసారి పోతూ పోతూ ఇంటిల్లిపాది ఓపికనీ మూటగట్టుకుపోయేలా ఉంది. పొద్దున్నే మంచు, ఆపైన మినుము నూర్పిళ్ల దుమ్ము, ఇంటినిండా దగ్గు. రగ్గుల కింద ముడుచుకుని విసుగెత్తిపోయిన మంగతాయారు, ఈ ఆదివారం అక్కర్లేని చెత్తంతా వదిలించుకుని హాయిగా ఊపిరి పీల్చుకుందామని కొంగు బిగించింది.

అసలు సంగతి వేరే ఉంది. ఆ గుండిగ నిండా భీమశంకరం దాచిన కొత్త నవలలున్నాయి. కాలేజీ ఆఫీసు పని మీద జనవరిలో బెజవాడ వెళ్లినప్పుడు పుస్తకాల ఎగ్జిబిషన్లో కొన్నాడు. పాత పుస్తకం గడప దాటితేనే కొత్తది గడప తొక్కాలని అంతకుముందే మంగతాయారు దేవుడి ముందు ఆయన చేత ఒట్టు వేయించింది. కొత్త కాగితం వాసన తగలగానే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. అదే నెలలో మంగతాయారు కూడా దుర్గమ్మ దర్శనానికని బెజవాడ వెళ్లొచ్చింది. కుంకుమ పొట్లం తప్ప ఒక్క వస్తువు తెచ్చిందా? ఆవిడ నిగ్రహం ఆవిడదే!

రగ్గు వెతికే వంకతో అటకెక్కి, ఒక్కో నవలా తెచ్చుకుని చదువుతున్నాడు భీమశంకరం. ఈలోగా పడిశం పట్టి వారం రోజులుగా నిచ్చెన ముట్టలేదు. ఒక నవల్లో పెళ్లికూతురు పడవ ఎక్కబోతుంటే అక్కడ ఆపాడు. ఎక్కిందో లేదో తెలియకుండా అది పున్నారావు పాలైపోతే? అంతకన్నా ఘోరం, ఒట్టు తప్పిన సంగతి బయటపడటం. మంగతాయారు అరవదు, మాట్లాడటం మానేస్తుంది. కిందటిసారి అలా మానేసినప్పుడు, ఉప్పు లేని కూర కూడా ఆయన నోరెత్తకుండా తిన్నాడు.

“చాలా బరువు పున్నారావ్, నడుం పట్టేస్తుంది. వద్దులే.”

“బరువులు దించడమేగా అయ్యగారూ మా పని” అంటూ పున్నారావు అటకెక్కి, గుండిగను అవలీలగా దించాడు. మూత తీసి వరండాలో బోర్లించాడు. చచ్చిన బొద్దింక తప్ప ఏమీ రాలలేదు.

భీమశంకరం వంగి ఖాళీ గుండిగలోకి తొంగి చూశాడు. తాయారు చూసేసింది! చూసి పారేసింది! అడుగుదామంటే తేలు కుట్టిన దొంగ పరిస్థితి. పున్నారావు తూకం వేసి కొత్త కుక్కరు ఇవ్వడం, మంగతాయారు దాన్ని అటూ ఇటూ తిప్పి మురిసిపోవడం ఉత్తినే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి ప్రపంచం మీదే విరక్తి పుట్టింది.

“పున్నారావ్! నా పాత పుస్తకాల పెట్టె కూడా పైనుంది, ఆఫీసు పరీక్షల గైడ్లూ అవీ. అదీ పట్టుకుపో. ఇక ఈ ఇంట్లో పుస్తకమన్నది వద్దు!”

“ఆ పెట్టె మాత్రం దించడానికి వీల్లేదు!”

ఈసారి నిచ్చెనకి అడ్డంగా నిలబడింది మంగతాయారు.

“అదేవిటీ? రోజూ దాన్నేగా నువ్వు తిట్టేది!”

“మీరు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ దాచుకున్నవి. సెంటిమెంటు ఉండొద్దూ?”

అయ్యగారి మాట పూర్తికాకుండానే నిచ్చెనెక్కేసిన పున్నారావు పెట్టెని సగం లాగేశాడు. “వద్దు” అని మంగతాయారు కింద నుంచి పైకి తోసింది. చీకిపోయిన అట్టపెట్టె, అడుగు ఊడి, పుస్తకాలు బొలబొలా రాలాయి.

ఒక్కటీ పాతది కాదు. తళతళలాడే అట్టలతో భీమశంకరం నవలలే! పడవ నవల్లో, దాదాపు చివరి పేజీ దగ్గర, మంగతాయారు తలపిన్ను గుర్తుగా పెట్టి ఉంది.

“మీరు ఛస్తే తెరవని చోటు ఇంట్లో అదొక్కటేగా” అంది ఆవిడ నేల చూపులు చూస్తూ. “అయినా పాపం, ఆ పెళ్లికూతురు...”

“చెప్పకు, చెప్పకు! ఇంతకీ నా పాత గైడ్లేవీ?”

“పక్కింటి పాపాయమ్మ బజ్జీల బండికి ఇచ్చేశా. కొత్తది ఒకటి వస్తే పాతది ఒకటి గడప దాటించా. మీ ఒట్టు నేను నిలబెట్టా. మొన్న మీరు లొట్టలేసుకుంటూ తిన్న మిరపకాయ బజ్జీలు మీ సర్వీసు రూల్సులో కట్టినవే!”

భీమశంకరానికి నవ్వాగలేదు. వారం రోజుల పడిశం ఆ నవ్వుతోనే సగం వదిలింది. ఎండ పడుతున్న చోట చతికిలబడి, పుస్తకాల్ని ఒక్కొక్కటే తుడిచి ఒళ్లో పేర్చుకోసాగాడు. పేరుస్తూ పేరుస్తూ ఆగాడు.

“తాయారూ... ఈ మూడూ నేను కొన్నవి కావే!”

మంగతాయారు కొత్త కుక్కరు మూతని కొంగుతో మరీ శ్రద్ధగా తుడిచింది.

“ఆ రోజు దుర్గమ్మ కొండ మీద క్యూ మరీ పొడుగ్గా ఉందండీ!”