రుబ్బుగుండు

"ఉండేది ఒక్క గోనెసంచి, చౌడమ్మా. వంటకు ఏది లేకుంటే జరగదో అదే పెట్టు. బెంగళూరు బస్సు వచ్చే యాళయింది," అన్నాడు ఓబులేసు.

వాన లేక శెనక్కాయ పైరు ఎండిపోయింది. మొగుడూ పెళ్లామూ ఇండ్లు కట్టే కాడ బేల్దారి పనికి పోతున్నారు. చౌడమ్మ సంగటి తపేలా, తెడ్డు, తినే తట్టలు రెండు సంచిలో పెట్టింది. రొట్టెల పెనం పట్టుకొని తటపటాయించింది.

పక్కింటి ముసలోణ్ణి, నేను ఊరకుంటానా? "ఇన్నెందుకే పాపా? మా తాత ఒక్క చెంబుతో మైసూరు దాకా పోయినాడు. దాంట్లోనే వండుకున్నాడు, దాంట్లోనే ఏనుక్కి నీళ్లు తాపినాడు!"

చౌడమ్మ నవ్వింది. "చెంబులో తొండం పట్టిందా మామా?"

"పట్టలేదు. అందుకే చెంబును సాగదీసినాడు."

ఓబులేసు మాత్రం నవ్వలేదు. "మామా, వాకిట్లో రుబ్బురోలు నువ్వు తీసుకపో. మాకింక దాంతో పనిలేదు."

చౌడమ్మ చెయ్యి ఆగిపోయింది. "వానలు పడితే వస్తామంటివే?"

అతను బస్సు వచ్చే రోడ్డు వైపు తిరిగాడు.

ఆమె పెనం పక్కన పెట్టేసింది. వాకిట్లోకి పోయి, రోట్లోని గుండును రెండు చేతులా ఎత్తుకొచ్చి సంచిలో వేసింది.

"పిచ్చి పట్టిందామ్మే? రోలు లేకుండా ఆడ గుండెందుకు?"

"గుండు లేని రోలు మామకు మాత్రం ఎందుకు? మనం వచ్చేదాకా ఈడనే ఉంటాది."



రోడ్డు మీద హారన్ మోగింది. ఓబులేసు సంచి ఎత్తబోయి, బరువుకు మళ్లీ దించాడు. గుండు తీసి పారేస్తాడనుకున్నాను. సంచి మూతి బిగించి, భుజానికెత్తుకున్నాడు.

"మామా," అన్నాడు నా వైపు చూడకుండా, "రోట్లో దుమ్ము పడకుండా ఏమన్నా కప్పు."