పడమరకు తిప్పిన రాడార్

“పది నిమిషాలకో బొమ్మ! అంతలోపల మబ్బు పుట్టి, పెరిగి, వడగళ్లు కూడా కురిపించి పోతుంది ఫయాజ్ భాయ్,” అన్నాను మూడోసారి.

సౌదీలోని బురైదా శివార్లలో ఉన్న మా వాతావరణ కేంద్రంలో రాడార్ ఆకాశమంతా చూసి రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఒక్క దిక్కుకే పరిమితం చేస్తే నిమిషానికో బొమ్మ ఇస్తుంది.

“మిగిలిన మూడు దిక్కులు ఎవరు చూస్తరు? నీ ఎమ్మెస్సీ సర్టిఫికెట్టా?” అన్నారు మా సీనియర్ ఫయాజ్ భాయ్.

“మబ్బు ఉన్నది పడమరనే కదా! ఇది డేటా చెప్తున్న మాట, నాది కాదు.”

నా పోరు పడలేక చివరికి పడమరకు తిప్పారు. పదిహేనో బొమ్మలో, మబ్బు నడుమున ఉన్న ఎర్రటి ముద్ద కిందికి జారడం కనిపించింది, అంటే వడగళ్లు రాలబోతున్నాయి. ఖర్జూరం తోటల్లో కూలీలు చెట్లెక్కి ఉంటారు. తోటల సూపర్‌వైజర్లకు హెచ్చరిక పంపి, బాపుకు ఫోన్ చేశాను. రోజూ ఆయన ట్రాక్టర్ నడిపేది ఆ పడమటి తోటల్లోనే.

“బాపూ, జల్ది షెడ్డులకు పో! వడగండ్లు పడ్తయ్.”

“గిక్కడ షెడ్డు లేదు బిడ్డా. పొద్దుగాల మా కఫీలు సేటు తూర్పు తోటకు తోలిండు. మబ్బు నల్లగ కమ్మింది, ఒకటే ఉరుముతున్నది.”

తూర్పు. పావుగంటగా మేం చూడని దిక్కు.

“భాయ్, తూర్పుకు తిప్పండి! ఇప్పుడే!”

ఫయాజ్ భాయ్ మౌస్ మీద చెయ్యి ఉంచి నా వైపు చూశారు.

“పడమర తగ్గిందా సృజనా? డేటా ఏమంటున్నది?”

తెర మీద ఎరుపు ఇంకా పెరుగుతూనే ఉంది.

“తిప్పండి,” అన్నాను.