రెండు బటన్ల గడియారం

"ఈల ఎందుకు ఊదావయ్యా? ఇంకా టైముంది!" చేతిలో చెర్నాకోల విసిరిపారేసి కృష్ణయ్య కమిటీ బల్ల మీదికి దూసుకొచ్చాడు.

తిరునాళ్ళలో బండలాగుడు పోటీ. ఇచ్చిన టైములో ఏ జత బండని ఎక్కువ దూరం లాగితే ఆ జతదే గెలుపు. వెల్దుర్తి జత లాగిన చోట సున్నం గీత గీసి ఉంది. కృష్ణయ్య గిత్తల బండ ఆ గీతకి జానెడు ఇవతల ఆగిపోయింది. మూడేళ్ళుగా ఆ వెల్దుర్తి జత చేతిలోనే చిత్తు! తను తిన్నా తినకపోయినా గిత్తలకి ఉలవలు తక్కువ చేయలేదే, ఇప్పుడు జానెడు దూరంలో పోగొట్టుకోవడమా?

"టైమయ్యాకే ఊదా," అన్నాడు కమిటీ పెద్ద విజయ్ కుమార్. "టైమైతే ఫోన్ మోగేట్టు పెట్టా. మోగింది, ఊదా."

"మోగింది నీ పెళ్ళాం ఫోనుకి! 'కుసుమా, పందెంలో ఉన్నా, పెట్టెయ్యవే' అన్లేదా నువ్వు? నా చెవుల్తో విన్నా!"

జనం గొల్లుమన్నారు. విజయ్ కుమార్ గబగబా ఫోన్ తీశాడు. కంగారులో ఏం నొక్కాడో ఏమో, ఫోన్లో టైము లెక్క కాస్తా చెరిగిపోయింది. పోనీ జనం తీసిన వీడియోలు చూద్దామంటే ఒకడిదానికి మొదలు లేదు, ఇంకొకడిదానికి చివర లేదు.

అప్పుడు కృష్ణయ్య చూపు అల్లుడు ఫణీంద్ర మీద పడింది. సొంత మేనల్లుడే. పేటలో ఎరువుల కొట్టు. కొట్టు కూతురు రోహిణి చూసుకుంటుంది, ఈయనగారు పాత గడియారాలు పోగేసుకుంటాడు. పొద్దున కూడా తెల్ల గ్లౌజు తొడుక్కుని, మఖమల్ సంచిలోంచి ఒకదాన్ని పసిబిడ్డలా పైకి తీశాడు.

"దీన్ని క్రోనోగ్రాఫ్ అంటారు మామా, పందేల్లో టైము కొలిచేది. మొదట్లో వీటికి ఒకటే బటన్. నడపాలన్నా, ఆపాలన్నా, సూదిని సున్నాకి తేవాలన్నా దాన్నే నొక్కాలి. రెండో బటన్ వచ్చాకే, ఆపిన చోటు నుంచి మళ్ళీ నడిపించే వీలు కుదిరింది..."

"టైమెంతరా అంటే గడియారం జాతకం చెప్తావేందిరా? నీకంటే నా గిత్తలు నయం, అడిగిన పని చేస్తాయి."

"ఫోన్లో టైము చూసేవాళ్ళకి ఇవేం తెలుస్తాయిలే మామా," అని అల్లుడు మూతి విరిచాడు.

ఆ విరిచిన మూతే ఇప్పుడు కృష్ణయ్యకి దేవుడి ముఖంలా కనిపించింది.

"ఉంది! మా అల్లుడి దగ్గర గడియారం ఉంది!" అని గావుకేక పెట్టాడు. "మొదటి ఈల పడ్డకాడినుంచీ బటన్ మీద బొటనవేలు పెట్టుకుని బండ పక్కనే నడిచాడు. మీరంతా చూళ్ళా?"

చూశామన్నారు జనం. వెల్దుర్తి జత యజమాని అమర్నాథ్ కూడా కాదనలేకపోయాడు.

"సరే," అన్నాడు విజయ్ కుమార్, పరువు దక్కితే చాలనుకుంటూ. "ఆ గడియారం ఎంత చూపిస్తే అంత. టైము మిగిలుంటే, మిగిలినంతసేపూ మళ్ళీ లాగించుకో."

కృష్ణయ్యకి ప్రాణం లేచొచ్చింది. జానెడంటే ఎంత, గిత్తలు ఒక్క అడుగేస్తే చాలు!

"ఇన్నాళ్ళూ నిన్ను చానా ఎగతాళి చేశాన్రా అల్లుడూ, నా నోట మన్నుపడ! చూపించు నాయనా, వీళ్ళ కళ్ళు తెరిపించు."

ఫణీంద్ర గ్లౌజు వేసుకున్న గుప్పిట మెల్లగా విప్పాడు. అందరూ మెడలు సాచి చూశారు. టైము కొలిచే పెద్ద సూది సున్నా మీద నిటారుగా నిలబడి ఉంది.

"ఏందిరా ఇది? సూది కదల్లేదే? పాడైపోయిందా?"

"పాడవడమా! దీన్నా?" ఫణీంద్ర చుట్టూ ఉన్నవాళ్ళని పురుగుల్ని చూసినట్టు చూశాడు. "నొక్కితే లోపల చక్రాలు అరిగిపోవూ? కొన్నకాడినుంచీ ఆ బటన్ ఒక్కసారి కూడా నొక్కలేదు మామా!"