ఓటరు కోరుకున్న ముఖం

అభ్యర్థులను చూపించే ఎన్నికల తెరలు ఇంటింటికీ వచ్చిన తరువాత, చూసేవారి వలపును బట్టి అభ్యర్థి ముఖం మారిపోతోంది. మేయరు పదవికి పోటీ చేస్తున్న నా భార్య కాళింది కారునలుపు.

"మేష్టారూ, మా తెరమీద అక్కగారు అచ్చం దొరసానేనండీ! ఓటుతోపాటు మనసూ ఇచ్చేశాను," అన్నాడు పొరుగింటి భుజంగరావు.

"తెల్లతోలు ఉంటే తప్ప నాయకురాలిగా కనిపించదటయ్యా నీకు?" అని మండిపడి, ఈ తెరలను నిషేధించవలసిందిగా ఎన్నికల అధికారికి ఇంగ్లీషులో ఘాటైన ఫిర్యాదు ఆరంభించాను.

కాళింది వచ్చి నా పక్కన కూర్చుంది. "ఊరివాళ్ళ సంగతి సరేనండీ. మీ తెరలో నేనెలా ఉన్నానో చూపించండి."

నలభై ఏళ్ళ కాపురాన్ని నమ్ముకుని, సగర్వంగా నా తెర తెరిచాను. అందులోనూ దొరసానే నవ్వుతోంది.

కాళింది నా చేతిలోని కలం తీసుకుంది.

"లేవండి. ఫిర్యాదు నేను రాస్తాను. సాక్ష్యం ఇంట్లోనే దొరికింది."