వంతెన దాకా

మా ఆయనదీ, వాళ్లన్నదీ కలిపి సైకిళ్లు బాగుచేసే దుకాణం. బాగైన సైకిలును వీధి చివరిదాకా తొక్కి చూసే పని నాదీ, మా తోడికోడలిదీ. నేను అక్కా అని పిలుస్తాను; నాకున్న ఒక్క స్నేహితురాలు ఆమే.

రేపు దుకాణం మధ్య గోడ లేస్తుంది. అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవు కాబట్టి రేపటి నుంచి మాకూ ఉండకూడదట.

ఈరోజు వీధి చివర అక్క ఆగలేదు.

"ఎక్కడికక్కా?"

"ఎక్కడికీ లేదు, ఊరికే. నోరు మూసుకుని తొక్కు."

వంతెన దాటి ఏటి గట్టు వెంబడి చాలా దూరం వెళ్లాం. అక్క రెండు చేతులూ వదిలేసి, "మా ఆయన చూస్తే నా చుట్టూ కూడా గోడ కట్టిస్తాడు" అంది. నవ్వాలని తెలుస్తోంది గానీ నాకు నవ్వు రాలేదు.

వెనక్కి తిరిగేటప్పుడు అంది: "పిల్లా, ఇక్కడి నుంచే అలవాటు చేసుకుందాం. నువ్వెవరో, నేనెవరో. రేపు వాకిట్లో నన్ను చూసి ఏడ్చావంటే ఇద్దరికీ తిట్లే."

సరేనన్నాను. ఆమె ముందుకు వెళ్లిపోయింది.

వంతెన ఎక్కుతుంటే నా సైకిలు చైను ఊడింది. "అక్కా" అని పిలిచాను. ఆమె తిరగలేదు. అప్పుడే నేర్చేసుకుంది అనుకున్నాను. బాధ కూడా కలగలేదు. రోడ్డు పక్కన కూర్చుని, చేతులకు జిడ్డంతా పూసుకుని, చైను ఎక్కించాను.

తలెత్తి చూస్తే వంతెన అవతల ఆమె ఒక కాలు నేల మీద ఆనించి, అటువైపే తిరిగి నిలబడి ఉంది.

నేను సైకిలెక్కి బెల్లు కొట్టాను. అప్పుడు, వెనక్కి చూడకుండానే, కదిలింది.