అసలు జపాన్ మాల్

ఎల్లప్ప కొంప ముంచకపోతే హన్మయ్యకు ఈ తిప్పలే లేకుండె.

చేను దావాల పోయిన పేషీకి ముందు నారాయణఖేడ్ బస్టాండు కాడ పాత వాచీలమ్మే ఎల్లప్ప ఒక కీ వాచి అంటగట్టిండు. "గుర్రం లెక్క నడుస్తది కాకా" అన్నడు. పేషీ నాడు పొద్దుగాల్నే అది పానం ఇడిసింది. దాన్ని నమ్ముకొని కూర్చున్న హన్మయ్యకు బస్సు పోయింది, పేషీ పోయింది. కచేరిల తహసీల్దారు సారు గుర్రుమన్నడు.

"ఇంకొక్కసారి చూస్త. పిలిచినప్పుడు లేకుంటే మాణిక్యప్ప దిక్కే రాసేస్త."

మాణిక్యప్ప హన్మయ్యకు పెదనాయన కొడుకు. కంగ్టి తొవ్వల ఉన్న కంది చేను మొత్తం తనదేనని దావా ఏసిండు. హన్మయ్యకు ఉన్నదే ఆ చేను. నాలుగో తరగతిల బడి ఇడిసి పట్టిన నాగలి ఇంతవరకు దించలే.

ఈసారి మధ్యాహ్నానికే వచ్చి కచేరి ముందు నిలబడ్డడు. మొగులు కమ్మి ముసురు పడుతున్నది. మూడింటికి పిలుపని బంట్రోతు చెప్పిండు. వరండల బెంచీ మీద మాణిక్యప్ప ముందే కూర్చొని ఉన్నడు.

"వచ్చినవా తమ్మీ? మూడంటే ఎరికేనా నీకు? ఇయ్యాల పొద్దు గూడ కానొస్తలేదు, ఎట్ల జేస్తవో ఏమో!"

బెంచీ మీదోళ్లంత నవ్విండ్రు.

వాళ్ల పక్కన కూర్చునుడు హన్మయ్యతోని కాలే. బర్రె దుడ్డెను అమ్మిన పైసలు రుమాలుల ముడేసుకొని ఉన్నడు. సీదా బస్టాండుకు పోయి, అంగళ్లన్ని తిరిగి, ఎల్లప్ప గల్ల పట్టిండు.

"ఇడువు కాకా, ఇడువు! గది పాత ముచ్చట. గిది చూడు. దుబాయి పోయొచ్చినోడు వాడి వాడి అమ్ముకున్నడు. జపాన్‌ది. కీ ఇచ్చుడే లేదు, లోపల సెల్లు. నెలకు ఒక్క నిమిషం గూడ తప్పదు. పొద్దుగాల రేడియో వార్తలకు కలిపిన."

"నీ మాట నమ్మితే నట్టేట్ల మునుగుడే. నడువు నాగయ్య కాడికి."

నాగయ్యది గడియారాల మరమ్మతు దుకాణం. గోడ నిండ గడియారాలే. ఒకటి ఏడంటది, ఒకటి పన్నెండంటది.

"ఏందన్నా, నీ దుకాణంల ఒక్కటి గూడ సక్కగ లేదు?"

"సక్కగున్నయి నా కాడికి ఎందుకొస్తయి? దవాఖానల పైల్వాన్లుంటరా?"

నాగయ్య కంటికి భూతద్దం బిగించిండు. వాచిని అటు తిప్పి ఇటు తిప్పిండు. సెకండ్ల ముల్లు జారుతలేదు, ఒక్కో గీత మీద ఆగి ఆగి దుంకుతున్నది.

"సెల్లుదే. కీది కాదు." అద్దాన్ని గోరుతోని గీకిండు. "అద్దం మార్చలే. అంకెలకు మళ్ల రంగేయలే."

"లోపల చూడు," అన్నడు హన్మయ్య. "పైన జపాను, లోపల ఏముందో ఎవనికెరుక?"

నాగయ్య వెనక మూత ఊడదీసిండు. పైనున్న పేరే లోపల మిషను మీద గూడ ఉన్నది.

"సెల్లు కారిందేమో చూడు. నా టార్చిలైటు గట్లనే తుక్కయింది."

"శాన అనుమానమయ్యా నీకు."

"కాలినోనికి ఉంటది."

నాగయ్య సెల్లు తీసి బల్ల మీద పెట్టిండు. దాని కింద స్పిరిటు దూదితోని తుడిచి, ఆరనియ్యాలె అన్నడు.

ఆరేలోపు చాయ వచ్చింది. చాయ మీద బేరం మొదలయింది. ఎల్లప్ప పిల్లల మీద ఒట్టేసిండు. పాత వాచికి తీసుకున్న పైసలు అందుల పట్టుకొమ్మని హన్మయ్య మొండికేసిండు. ఎల్లప్ప లేచిపోయిండు, మళ్ల వచ్చిండు. ఇంకో చాయ తాగిండ్రు. ఆఖరికి నాగయ్యనే మధ్యల పడి మాట కుదిర్చిండు. సెల్లు పెట్టి మూత బిగించిండు. ముల్లు మళ్ల దుంకుడు మొదలుపెట్టింది.

"అసలు మాలే. కండ్లు మూసుకొని కట్టుకో."

హన్మయ్య కట్టుకున్నడు. రెండుంబావు చూపిస్తున్నది. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న మోసపోకుండ కొన్న అనుకున్నడు. పొద్దుటిసంది కడుపుల ఏం లేదు. హోటల్ల కూర్చొని, చెయ్యి బల్ల మీద చాపి, ముల్లును చూసుకుంట పూరీ తిన్నడు. మూడుకు పది నిమిషాలున్నదనంగ లేచిండు. ఉరుకలే. పరేషాన్ కాలే.

వరండల బెంచీ ఖాళీగ ఉన్నది. బంట్రోతు ఒక్కడే బీడీ కాలుస్తుండు.

"ఇప్పుడా వచ్చుడు? పిలిచి పిలిచి నా గొంతు పోయింది. మాణిక్యప్ప దిక్కు రాసి సారు జీపెక్కి పోయిండు."

"ఇంక అయిదు నిమిషాలున్నది గదనే!" హన్మయ్య చెయ్యి చూపించిండు.

బంట్రోతు లోపలి గోడ గడియారం చూపించిండు. మూడున్నర దాటి పోతున్నది.

హన్మయ్య తడుసుకుంట నాగయ్య దుకాణం మెట్టెక్కిండు. వాచి ఇప్పి బల్ల మీద పడేసిండు.

"గిది గూడ దొంగదేనే. నువ్వు గూడ వానితోని కలిసినవ్."

నాగయ్య దాన్ని చెవి కాడ పెట్టుకొని చానాసేపు విన్నడు. మెల్లగ భూతద్దం తీసిండు.

వాచి అసలుదే, దొంగదేమోనని హన్మయ్య సెల్లు తీయించి, తడి ఆరేదాక, బేరం తెగేదాక బల్ల మీద పెట్టించినంతసేపు దాని ముండ్లు ఉన్నకాన్నే నిలబడ్డయి, కలుపుకోకుండ కట్టుకొని పోయిన ఆ కాసేపటికి మూడెకరాల పదకొండు గుంటల కంది చేను పోయింది.